ఇంటికే కదా

చెక్క గోడకి అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. మొదటి మనిషి కూర్చున్నట్టున్నాడు, ఇక మొదలైందన్నమాట అనుకుంటూ క్యాషియరు చేతిలోని నోట్ల కట్టను బల్ల మీద పెట్టి, మళ్లీ తీసుకుని, ఎంతవరకు లెక్కపెట్టాడో మరిచిపోయి తన మీద తనే విసుక్కున్నాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో కట్ట మధ్యలో లెక్క తప్పిన రోజులు వేళ్ల మీద చెప్పగలడు, తండ్రి పోయిన కబురు వచ్చిన రోజు, కూతురు పుట్టిన రోజు, ఇదిగో ఇవాళ. ఈ గదీ ఆ గదీ ఒకప్పుడు ఒకటే. అధికారికి విడిగా గది ఉండాలని మధ్యలో చెక్కలు నిలబెట్టి, ఒకే ఫ్యాను రెండు వైపులా గాలి ఇస్తుందన్న ఆశతో పైన రెండు మూరలు ఖాళీ వదిలేశారు. గాలి ఇటు వచ్చిన పాపాన పోలేదు గానీ, మాటలు మాత్రం ఒక్కటీ పొల్లుపోకుండా వస్తాయి. ఇప్పుడు పదకొండు. పన్నెండింటికి జీతాల కిటికీ తెరవాలి. ఈ గంటలో నలభై మూడు కవర్లు నింపాలి. అవతల పన్నెండు మంది చెప్పుకునేది వినకూడదనే పొద్దున బయల్దేరేటప్పుడు గట్టిగా అనుకున్నాడు, ఇప్పుడేమో తడి స్పాంజి మీద వేలు ఆనించి, చెవులు రిక్కించి, ఊరికే కూర్చున్నాడు.

ఉత్తరువు వచ్చి నెల దాటింది. వచ్చే నెల నుంచి ప్రభుత్వోద్యోగుల జీతాలన్నీ నేరుగా బ్యాంకు ఖాతాల్లోకే పోతాయి, చేతికివ్వడం ఉండదు. అలా తీసుకోవడం నిజంగా కష్టమైనవాళ్లు తమ ఇబ్బంది రాసుకుని మినహాయింపు కోరవచ్చు, అధికారి ఒక్కొక్కరినీ పిలిచి విని మంజూరు చేస్తారు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఎవరూ చదవకుండా వదిలేసిన చివరి పేరా ఒకటుంది, క్యాషియరు దాన్ని ఎన్నిసార్లు చదివాడో గానీ కాగితం ఆ మడత దగ్గరే చిరిగింది. ఎనిమిది మందికి తగ్గకుండా మినహాయింపు దొరికిన కార్యాలయంలో కిటికీ ఉంటుంది, అంతమంది లేని చోట మూసేసి క్యాషియరును తపాలా విభాగానికి పంపేస్తారు. తపాలా అంటే మెట్ల కింద గది, జిగురు సీసా, కవర్ల మీద స్టాంపులు. దానికి పెద్ద ఎవరయ్యా అంటే, ఒకప్పుడు తన పక్కన కూర్చుని కూడికలు నేర్చుకున్న గుమాస్తా. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది, నాలుగేళ్లూ ఆ గుమాస్తాకి లేచి నిలబడాలి. అయినా అందుకోసం కాదు, అందుకోసం మాత్రం కాదు, తను ఇంత తిరగడం వాళ్ల మంచికోసమే. ఎండలో తోటలోకి పోయి, మేడ మీద పాత ఫైళ్ల గదికి పోయి, కార్ల షెడ్డుకి పోయి, ఒక్కొక్కరి ఇబ్బందీ అడిగి తెలుసుకుని, దరఖాస్తులన్నీ తన చేత్తో తనే రాశాడు. ఇబ్బంది లేనివాళ్లకి కూడా వెతికి ఒకటి అంటగట్టాడు. పన్నెండు మంది మాటిచ్చారు, మీ కిటికీ మాకు కావాలండీ అన్నారు, ఎనిమిది చాలన్న చోట పన్నెండు, నాలుగు పోయినా ఢోకా లేదు.

"చూపు బాగా తగ్గిందని రాశారు. బ్యాంకు మెషిన్లో అంకెలు కనిపించవా?" అంటోంది అధికారి. కొత్తగా వచ్చినామె, అడిగి ఊరుకునే మనిషి, అవతలివాళ్లు చెప్పేదాకా ఓపిక పట్టే మనిషి.

"కనిపించవమ్మా," అన్నాడు తోటమాలి. "కనిపించవు గానీ, మొన్న మా మనవరాలు తీసుకెళ్లింది. అక్కడి అమ్మాయి కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మంచినీళ్లిచ్చింది. నాకు మినహాయింపు వద్దులెండి."

మంచినీళ్లు. గ్లాసుడు మంచినీళ్లకి పడిపోయాడు మనిషి. వాడి చూపు తగ్గుతోందని వాడి పెళ్లానికన్నా ముందు తెలిసింది తనకి, సంతకం గీత దాటి కిందికి జారుతున్నప్పుడే తెలిసింది. అప్పటినుంచి వాడి కవరులో ఒక్కో రకం నోటుకి ఒక్కో మూల మడిచి పెడుతున్నాడు, తడిమి చూసి పోల్చుకుంటాడని. ఎవరు చెప్పారు చెయ్యమని, ఏ ఉత్తరువులో ఉంది. బ్యాంకులో ఆ అమ్మాయి మడుస్తుందా మూలలు, మడవమను చూద్దాం. క్యాషియరు చేతిలో ఇప్పుడున్నది తోటమాలి కవరే. నోట్ల మూలలు నాలుగూ మడిచి అయిపోయాయి. విప్పేద్దామా అనుకున్నాడు, రెండు విప్పాడు కూడా, మళ్లీ ఎందుకో ఉన్నవి ఉన్నట్టు మడిచి లోపల పెట్టేశాడు. ఇలాంటి చేతకాని మెతకతనం వల్లే ఇంతమందికీ లోకువయ్యాను అనుకున్నాడు.

తర్వాత ఊడ్చే ఆవిడ వెళ్లింది. వేలి గీతలు అరిగిపోయాయి, బ్యాంకు మెషిను ఆవిడ వేలిని గుర్తు పట్టడం లేదు. అది ఉన్నమాటే, అతను కల్పించింది కాదు. మంజూరన్నారు. బల్ల మీది సిరా అద్దుడు కాగితం అంచున ఒక గీత గీశాడు. పాత ఫైళ్ల గది పెద్దాయన వెళ్లాడు, తనకి సంతకం రెండుసార్లు ఒకేలా రాదని, బ్యాంకువాళ్లు మూడుసార్లు వెనక్కి పంపారని చెప్పుకున్నాడు, మంజూరు, రెండో గీత. ఆ చేతులు క్యాషియరు కళ్ల ముందు మెదిలాయి. తనకి ఈ పని నేర్పిన పాత క్యాషియరు, ముక్కుపొడి వాసన వేసే మనిషి, మొదటి రోజే చెప్పాడు, ముఖాలు చూడొద్దయ్యా, జీతం రోజున ముఖాలన్నీ ఒక్కలాగే నవ్వుతాయి, చేతులు చూడు అని. నిజమే, కిటికీ కింది సందులోంచి లోపలికి వచ్చేది చెయ్యే. ఇరవై ఆరేళ్లు చేతులే చూశాడు. ఎవరి చేతికి కాయలున్నాయో, ఎవరి చెయ్యి తీసుకునేటప్పుడు వణుకుతుందో, ఎవరు రెండు వేళ్లతో లాక్కుంటారో, ఎవరు అరచెయ్యి పరుస్తారో, కళ్లు మూసుకుని చెప్పమన్నా చెప్పగలడు. కవరు ఆ చేతిలో పెడుతూ అందరికీ ఒకే మాట అంటాడు, లెక్క చూసుకోండి అని. అది నియమం, అనాలి. ఈ ఇరవై ఆరేళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చూసుకోలేదు. అలాగే జేబులో పెట్టుకుంటారు, సంచి అడుక్కి తోసేస్తారు, మీరిచ్చాక లెక్కేమిటండీ అంటారు. ఎవరెవరికో పతకాలు, శాలువాలు ఇస్తారు. ఇతనికి ఇచ్చింది ఇదొక్కటే, వాళ్లు లెక్కపెట్టకపోవడం. అది ఇంటికి తీసుకెళ్లి ఎవరికీ చూపించలేడు గానీ, నెల నెలా ఆ రోజు మాత్రం అన్నం రుచిగా ఉండేది.

"ఎప్పుడూ రోడ్డు మీద ఉంటారు కాబట్టి బ్యాంకుకి వెళ్లే వీలు లేదని," చదువుతోంది అధికారి.

"అది ఆయన రాశారు మేడమ్," అంటున్నాడు డ్రైవరు, నవ్వుతూనే అంటున్నాడు, వాడికి నవ్వు లేకుండా నోరు తెరుచుకోదు. "ఫోన్లోకి టింగుమని వస్తుందంట కదా. రోడ్డు మీదైనా వస్తుంది. నాదీ తీసేయండి."

ఆయన రాశారట. టింగుమంటుందట. షెడ్డులో టైరు మీద కూర్చోబెట్టి, పొగాకు మానేశానని ప్రమాణాలు చేసి, మీ కిటికీ పోతే ఈ ఆఫీసు ఆఫీసే కాదండీ అన్నది ఈ నోరే. వెన్నుపోటు అనేది ఎక్కడో రాజుల కథల్లో జరుగుతుందనుకుంటారు, రోజూ నమస్కారం పెట్టే డ్రైవరు కూడా పొడుస్తాడు, అదీ నవ్వుతూ. ఈ డ్రైవరే కదా ఆ మాట పుట్టించింది, సంతకం ఆవిడది, సంచి ఆయనది అని. జీతం రోజు వరసలో అందరూ వినేలా అనేవాడు, అందరూ నవ్వేవారు, తనూ నవ్వేవాడు. అందులో తప్పేముంది. మొగుడూ పెళ్లాలు ఒకే ఆఫీసులో ఉంటే ఆమాత్రం పరాచికాలు ఉంటాయి. ఇది విత్తనాల పరీక్ష కార్యాలయం, ఎక్కడెక్కడి నుంచో గుడ్డ సంచుల్లో నమూనాలు వస్తాయి, లోపల పొడుగు గదిలో నలుగురు కూర్చుని గింజలు లెక్కపెట్టి, తడి కాగితాల మీద పరిచి, ఎన్ని మొలిచాయో ఎన్ని చచ్చాయో రాసి పంపుతారు. ఆ నలుగురిలో ఒకరు తన భార్య. పెళ్లయిన రెండో నెలలో వచ్చింది ఆ ఉద్యోగం. మొదటి జీతం రోజు వరసలో నిలబడి, వంతు రాగానే జీతాల పట్టీలో సంతకం పెట్టి, సందులోంచి చెయ్యి చాపింది. అతను అప్పటికి కుర్రతనం వదలనివాడు, కవరు ఆ చేతి దాకా తెచ్చి, చటుక్కున వెనక్కి లాక్కుని, కుర్చీకి తగిలించిన తన సంచిలో వేసుకుని, ఇంటికే కదా అన్నాడు. వరసంతా ఘొల్లుమంది. ఆవిడా నవ్వింది. నవ్వింది, బాగా గుర్తు. రెండో నెల కూడా చాపిందా చెయ్యి, చాపినట్టే ఉంది. మూడో నెల నుంచి చాపలేదు. సంతకం పెట్టి పక్కకి తప్పుకునేది, కవరు సంచిలోకి, సంచి ఇంటికి. పంతొమ్మిదేళ్లు. అందులో చిల్లిగవ్వ తన సరదాకి వాడుకున్నాడా, తాగాడా, ఆడాడా. ఇల్లు కట్టాడు, కూతుర్ని చదివిస్తున్నాడు, ఆవిడ పన్ను నొప్పికి పెద్ద డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాడు. ఎంత కావాలంటే అంత ఇస్తాడు, ఎందుకని ఒక్క మాట అడుగుతాడు, అడిగి ఇస్తాడు. అడగడం కూడా తప్పేనా, ఇల్లన్నాక ఎవరో ఒకరు అడగాలి.

ఎందుకు వస్తున్నాయి ఇవన్నీ ఇప్పుడు. డ్రైవరు వల్ల. నోట్ల మీద దృష్టి పెట్టాలి. పొడుగ్గదిలో అటెండరు ఒకడున్నాడు, నెల మొదట్లో అందరి దగ్గరా టీ డబ్బులు పోగుచేసి రోజూ రెండుసార్లు టీ పోస్తాడు. వాడు ఒకసారి ఈ కిటికీ దగ్గరే అన్నాడు, మీ మేడమ్ గారొక్కరే మా టీలో లేరండీ, ఆవిడకి టీ పడదు కదా అని. అప్పుడు నోట్లు లెక్కపెడుతూ ఊఁ అన్నాడు. పడకపోవడమేమిటి, ఇంట్లో పొద్దున తాగుతుంది, సాయంత్రం చెప్పులు విప్పీ విప్పకముందే పొయ్యి మీద నీళ్లు పెడుతుంది, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గోడకి ఆనుకుని మాట్లాడకుండా తాగుతుంది, ఆ కాసేపు పలకరించినా పలకదు. ఆఫీసు టీ బాగుండదేమో అనుకున్నాడు. అనుకుని మరిచిపోయాడు. మరిచిపోయింది ఇవాళ ఎందుకు గుర్తుకు రావాలో తెలియదు.

చెక్కకి అవతల ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటున్నారు, లేస్తున్నారు. ఒకాయన రానే లేదు, కడుపునొప్పని కబురు పంపాడు, ఎంత నొప్పో తెలుసు, మొహం చూపించలేని నొప్పి. ఇంకొకాయన, తాళాల గుత్తి వేలాడేసుకుని తిరిగే స్టోరు ఆయన, బ్యాంకు తన ఇంటికి ఎదురుగానే ఉందని ఒప్పేసుకున్నాడు, అడక్కుండానే ఒప్పేసుకున్నాడు, పక్క ఊళ్లో ఉంటున్నట్టు తను రాసిందంతా గంగలో కలిసింది, పైగా అబద్ధం రాసినవాడిగా తన పరువూ పోయింది. నలుగురు పోయారు. అద్దుడు కాగితం మీద గీతలు లెక్కపెట్టాడు. ఏడు. పదకొండు మంది అయ్యారు, ఏడు గీతలు. పర్వాలేదు. నలుగురు పోయినా ఢోకా లేదని ముందే అనుకున్నాడు, సరిగ్గా నలుగురే పోయారు, ఊపిరి తీసుకున్నాడు. మిగిలింది ఒక్కటి, అది చేతిలో ఉన్నట్టే, అందుకే దాన్ని కావాలనే చివర పెట్టాడు. పరాయివాళ్లు ఎటు పోతే అటు పోనీ. నోట్ల కట్టకి రబ్బరు బ్యాండు వేశాడు. ఈసారి లెక్క తప్పలేదు.

ఆ దరఖాస్తు కూడా తనే రాశాడు. మూడు వారాల కింద, పొద్దున ఆఫీసుకి బయల్దేరబోతూ, వంటింట్లో గట్టు మీద పెట్టి, ఇక్కడ సంతకం పెట్టు అన్నాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని, ఏం రాశారు అంది. మామూలే, ఏదో ఒకటి రాయాలిగా అన్నాడు. చదవనా అంది. ఆలస్యమవుతోంది అన్నాడు. అయినా ఆవిడ కళ్లు కాగితం మీద ఒక్క క్షణం ఎక్కువే నిలిచాయి, తర్వాత పెన్ను తీసుకుంది. ఏం రాయమంటారు మరి. చూపు తగ్గలేదు, వేళ్లు అరగలేదు, బ్యాంకు దూరం కాదు, చదువుకున్న మనిషి. ఒప్పుకునేలా ఉండే ఇబ్బంది ఒకటి పుట్టించాలి, పుట్టించాడు. రాసేటప్పుడు అదేమీ అబద్ధం అనిపించలేదు, అదీ విచిత్రం. మిగతా పదకొండూ రాయడానికి ఆలోచించాల్సి వచ్చింది గానీ, అది మాత్రం కలం ఆగకుండా వచ్చింది.

కుర్చీ చప్పుడు. గాజుల చప్పుడు, బల్ల అంచుకి తగిలి ఆగింది. ఆ చప్పుడు తనకి ఏ గదిలోనైనా తెలుస్తుంది.

"ఇందులో ఇలా ఉందండీ," అంది అధికారి. గొంతు కొంచెం తగ్గించింది, తగ్గించినా వినిపిస్తుంది. "డబ్బు వ్యవహారాలు తెలియవు. లెక్కలు చూసుకోలేరు. ఖాతా సొంతంగా నడుపుకునే శక్తి లేదు. అన్నిటికీ భర్త మీదే ఆధారపడి ఉన్నారు. ఇది మీరు రాసిందేనా?"

"సంతకం నాదండీ. రాత ఆయనది."

"మీరేం పని చేస్తారు?"

"గింజలు లెక్కపెడతానండీ."

"రోజుకి ఎన్ని?"

"నమూనాకి నాలుగు వందలండీ. ఇరవై నమూనాల దాకా చూస్తాను."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. ఇవతల క్యాషియరు వేలు స్పాంజి మీదే ఉండిపోయింది, నీళ్లు మణికట్టు దాకా కారుతున్నా తెలియలేదు. ఏం చెప్తోంది ఈవిడ, అడిగినదానికి అవునంటే సరిపోయేదానికి. తెలియదండీ, ఆయనే చూసుకుంటారండీ, అంటే అయిపోయె. భయపడుతోందేమో, అధికారుల ముందు కూర్చోవడం అలవాటు లేదు కదా పాపం, తను పక్కన ఉండాల్సింది.

"పోనీ, మీ ఇబ్బంది ఏమిటో మీ మాటల్లో చెప్పండి."

"ఆఫీసులో నేను టీ తాగనండీ," అంది ఆవిడ. ఇంట్లో పప్పు అయిపోయిందని చెప్పే గొంతుతోనే అంది. "నాకు పడదనుకుంటారు అందరూ. ఇంట్లో రెండు పూటలా తాగుతాను. ఇక్కడైతే నెలకోసారి టీ డబ్బులు వెయ్యాలి కదండీ. దానికి ఆయన్ని అడగాలి. ఆయన ఇవ్వరని కాదు, ఇస్తారు. ఎందుకని అడిగి ఇస్తారు. టీకి అని చెప్పాలి. ఒకసారి చెప్దామనే అనుకున్నాను, మొదట్లో. ఎనిమిది వేల గింజలు లెక్కపెట్టి, టీకి అని చెప్పబుద్ధి కాలేదండీ. పంతొమ్మిదేళ్లయింది. అదేనండీ నా ఇబ్బంది, ఇంకేం లేదు."

"అయితే మినహాయింపు..."

"వద్దండీ. ఖాతా తెరిచాను, మొన్న భోజనాల వేళ వెళ్లి. జీతం ఖాతాకి ముందు ఏమీ కట్టక్కర్లేదన్నారు. అందుకే తెరవగలిగాను."

మొన్న. భోజనాల వేళ. మొన్న సాయంత్రం తనకి మజ్జిగ కలిపి ఇచ్చిన చెయ్యి ఆ మధ్యాహ్నమే పోయి ఖాతా తెరిచి వచ్చింది, మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగింది. సొరుగులో ఆవిడ చిన్న ఫొటోలు మూడు ఉండాలి, రెండే ఉన్నాయి, కూతురు కాలేజీ ఫారానికి తీసుకుందేమో అని దాన్ని కోప్పడ్డాడు కూడా, ఆవిడ అక్కడే ఉండి వింటూ ఒక్క మాట మాట్లాడలేదు. చాప కింద నీరులా. తోటమాలి పరాయివాడు, డ్రైవరు పరాయివాడు, వాళ్లు వెన్నుపోటు పొడిస్తే వెన్నుకే తగిలింది. ఇది అలాంటిది కాదు, ఇది ఎక్కడ తగిలిందో చెయ్యి పెట్టి చూపించలేకపోతున్నాడు. ఎనిమిదోది కావాలని తెలుసు ఆవిడకి, కాగితం మడత దగ్గర చిరిగేదాకా చదువుతుంటే పక్కనే కూర్చుని బట్టలు మడతపెట్టింది, తపాలా గదికి పంపుతారని, ఆ గుమాస్తాకి లేచి నిలబడాలని, తన బాధంతా ఆవిడకి కాక ఎవరికి చెప్పుకున్నాడు. అంతా విని, అన్నీ తెలిసి, చివరి వంతు తనదని తెలిసి మరీ. చెప్పి ఉండొచ్చుగా. ఒక్క మాట, నాకు టీ డబ్బులు కావాలి అంటే తను ఇవ్వడా, ఎందుకని కూడా అడగడు, అడిగినా నవ్వుతూ అడుగుతాడు. అడుగుతాడు. సరే, అడుగుతాడు, అంతమాత్రానికి మనిషిని నిలువునా ముంచేస్తారా. అది కూడా ఎవరి ముందు, నిన్నగాక మొన్న వచ్చిన అధికారి ముందు, చెక్క పైన రెండు మూరలు ఖాళీ ఉందని, ఇవతల తను వింటుంటానని తెలియదా. తెలుసు. తెలిసే చెప్పింది. ఇంట్లో చెప్పడానికి చోటు లేనట్టు ఇక్కడ చెప్పింది. ఏం రాశారు అని అడిగింది కదా ఆ రోజు, చదవనా అని కూడా అంది, అన్న సంగతి తను ఇందాకే గుర్తు చేసుకున్నాడు, అప్పుడు అందులో ఏమీ కనిపించలేదు. కోపం వస్తోంది, కోపం కిందనుంచి ఇంకేదో వస్తోంది, అది రాకుండా కోపాన్నే గట్టిగా పట్టుకున్నాడు. ద్రోహం, ఇంట్లోనే ఉండి చేసిన ద్రోహం, అని పెదవులు కదిపి తనకి తనే చెప్పుకున్నాడు. అద్దుడు కాగితం మీద ఏడు గీతలు తడికి పాకి నీలంగా ఒకటైపోయాయి.

"టైమైందండీ," అని బంట్రోతు తలుపు తట్టాడు.

పన్నెండు. లేచి, కిటికీ తలుపు పైకెత్తి, కొక్కెం తగిలించి, పట్టీ తెరిచి, ముందు పేజీ మీద స్కేలు పెట్టాడు. చేతులు వాటంతట అవే చేసుకుపోతున్నాయి. వరస అప్పటికే వరండా దాకా ఉంది, ఇదే చివరి వరస, ఇంకో జీతానికి ఈ కిటికీ ఉండదు, ఆ సంగతి అప్పుడే అందరికీ పాకినట్టుంది, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. చేతులు వస్తున్నాయి, కవర్లు పోతున్నాయి, లెక్క చూసుకోండి, లెక్క చూసుకోండి, డ్రైవరు చెయ్యి వచ్చింది, నవ్వు రాలేదు, తోటమాలి చెయ్యి వచ్చి కవరు పైనుంచే మడిచిన మూలలు తడుముకుని, తడిమి కాసేపు ఆగి వెళ్లిపోయింది. పద్నాలుగో గీత మీదికి స్కేలు జరిపాడు. గాజులు కిటికీ గట్టుకి తగిలాయి. పెన్ను అందుకుని సంతకం పెట్టింది, గీత మీద, అటూ ఇటూ పోకుండా, ఎప్పటిలాగే. అతను తల ఎత్తలేదు. కవరు తీశాడు, అతని చెయ్యి అలవాటుగా కుర్చీకి తగిలించిన సంచి వైపు సగం దూరం పోయింది.

సందులోంచి చెయ్యి లోపలికి వచ్చి ఉంది. అరచెయ్యి పైకి. వెనక్కి పోలేదు. ఈ ఆఫీసులో ప్రతి చెయ్యీ తనకి తెలుసు, ఈ చెయ్యి ఇక్కడ, ఈ వెలుతురులో, ఇలా తెరిచి ఉండగా పంతొమ్మిదేళ్లుగా చూడలేదు. చూపుడువేలు కొస తడి కాగితాలు ముట్టుకుని ముట్టుకుని తెల్లగా ముడతలు పడి ఉంది. గోళ్ల అంచున సన్నటి ఊక. అరచేతి మధ్యలో ఒక పాత మచ్చ, ఎప్పుడు కాలిందో, తనకి చెప్పిందో లేదో. ఇంటికే కదా, అనబోయాడు, నోటి దాకా వచ్చింది, నవ్వే మనుషులు అందరూ అక్కడే ఉన్నారు, డ్రైవరు కూడా ఇంకా వరండాలోనే ఉన్నాడు, అంటే నవ్వుతారేమో, అన్నీ మామూలవుతాయేమో. చెయ్యి అలాగే ఉంది. కవరు అందులో పెట్టాడు.

"లెక్క చూసుకోండి," అన్నాడు. అందరికీ అనేదే, నోరు దానంతట అదే అనేసింది, పంతొమ్మిదేళ్లలో ఆవిణ్ని అండీ అనడం అదే మొదటిసారి.

ఆవిడ పక్కకి తప్పుకోలేదు. అక్కడే కిటికీ గట్టు మీద కవరు చించి, నోట్లు బయటికి తీసి, గింజలు లెక్కపెట్టే వాళ్లలాగా అయిదేసి చొప్పున వేలితో జరుపుతూ, పెదవి కదపకుండా, తొందర లేకుండా లెక్కపెట్టింది. అయ్యాక మళ్లీ అన్నీ సర్దుకుని మొదటినుంచి ఇంకోసారి లెక్కపెట్టింది. అతను పట్టీ మీద స్కేలు పట్టుకుని నిలబడ్డాడు, తప్పు ఉండదని తెలుసు, ఉండదని తెలిసీ ఆ రెండోసారి అయ్యేదాకా ఊపిరి బిగబట్టాడు.

"సరిపోయిందండీ," అంది ఆవిడ, వెళ్లిపోయింది.

స్కేలు పదిహేనో గీత మీదికి జరిపాడు. ఊడ్చే ఆవిడ, వేలి గీతలు అరిగిన మనిషి, మాట తప్పకుండా నిలబడిన ఏడుగురిలో ఒకామె, కవరు ఎన్నడూ విప్పకుండా సంచి అడుక్కి తోసుకుపోయే మనిషి. లెక్క చూసుకోండి అన్నాడు. ఆవిడ వెళ్లబోయి, గట్టు మీద చిరిగి పడి ఉన్న కవరు ముక్క వైపు చూసి, ఒక్క క్షణం నిలబడి, తన కవరు కూడా మెల్లగా చించింది.